ఒకే కథ, ఎన్ని రూపాలో!

తెలుగు నవల ఇంత గొప్పగా ఉంటుందా! కొన్ని నెలలుగా ఈ మాట ఎంతమందితో అన్నానో లెక్కలేదు. బస్సులో పక్క సీటావిడతో అన్నాను, ఆఫీసు క్యాంటీన్లో అన్నాను, ఫోన్ చేసిన చుట్టాలందరితో అన్నాను. ఇప్పుడు మీతో అంటున్నాను. బళ్లో ఒక మార్కు ప్రశ్నకి జవాబులుగా తెలిసిన పేర్లు, అసలు తెలియనే తెలియని పేర్లు ఇప్పుడు నా రోజంతా నాతోనే ఉంటున్నాయి. రావిశాస్త్రి, కారా మాస్టారు, పి. శ్రీదేవి, కేశవరెడ్డి, నామిని, శ్రీరమణ. కొందరు పుస్తకంలోంచి పలికారు, కొందరు ఇయర్‌ఫోన్లోంచి, కొందరు అరవై ఏళ్లనాటి పత్రిక స్కాన్‌లోంచి, కొందరు సినిమా తెర మీంచి.

నాకు అర్థమైన సంగతి ముందే చెప్పేస్తాను. మంచి కథ ఒక్క రూపంతో ఆగదు. అచ్చులో కొరుకుడు పడని పేజీ గొంతులో ఇట్టే కరిగిపోతుంది. తెర మీద చూసి మురిసిపోయిన కథ కాగితం మీద ఇంకో పదింతలు మురిపిస్తుంది. ఒకే చెట్టు మామిడికాయ ఆవకాయగా ఒక రుచి, మాగాయగా ఇంకో రుచి, పండి తాండ్ర అయితే మరో రుచి ఇచ్చినట్టు, ఒకే కథ రూపం మారినప్పుడల్లా కొత్త రుచి చూపిస్తోంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు అన్న పేచీ నాకు లేదు. నాకు అన్నీ కావాలి!

మొదట ఇందిర

ఈ పిచ్చి మొదలైంది డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’తో. అట్ట చూసి కొనలేదు, ఎవరో చెప్పగా కొన్నాను. మొదటి పేజీల్లోనే ఇందిర వచ్చింది. ఇక పుస్తకం కింద పెట్టలేదు.

ఇందిర ఉద్యోగం చేస్తుంది. తాగి తిరిగే తండ్రిని తన సంపాదనతో పోషిస్తుంది. తనకేం కావాలో తనకి తెలుసు, అడగడానికి మొహమాటపడదు. పిరికివాణ్ని పిరికివాడని గుర్తుపట్టగలదు. తాను మంచిదని అనిపించుకోవాలన్న తాపత్రయం ఆమెకి రవ్వంత కూడా లేదు. విశాఖపట్నంలో మెడిసిన్ చదివే కుర్రాళ్లు, అమ్మాయిలు, అద్దె గదులు, డబ్బు ఇబ్బందులు, ప్రేమో కాదో తేలని స్నేహాలు ఆ నవల నిండా ఉన్నాయి. నిన్న మా ఆఫీసులో చేరిన అమ్మాయి గురించి ఎవరో రాసినట్టుంది. ఎప్పటి నవల ఇది? 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది! ఆ సంగతి తెలిశాక పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, మొదటి పేజీ నుంచి ఇంకోసారి చదివాను. శ్రీదేవి రాసిన నవల ఇదొక్కటే. 1929లో పుట్టిన ఆమె 1961లోనే వెళ్లిపోయారు. ఆ ఒక్క నవలలోనే ఇన్ని ప్రాణాలున్న మనుషులని మనకిచ్చి వెళ్లారు.

ఈ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ అనే సినిమా వచ్చిందని తెలిసి, అది కూడా వెతుక్కుని చూశాను. ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు. నాగేశ్వరరావు, సావిత్రి, కృష్ణకుమారి నటించారు. నవలలోంచి కొంత తీసుకుని సినిమా తన దారిన తాను వెళ్లిపోయింది. హాయిగా సాగే సినిమా, పాటలు చక్కగా ఉంటాయి. కానీ నవల చదివాక ఆ సినిమా చూస్తే ఒక విషయం తళుక్కున మెరిసింది. ఆనాటి తెర ఎంతవరకు ఒప్పుకుంటుందో, అచ్చు అంతకన్నా ఎంత ముందుకి వెళ్లగలిగిందో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఏ విమర్శ గ్రంథమూ నాకు ఇంత స్పష్టంగా చెప్పేది కాదు. ఒక పుస్తకం, ఒక సినిమా, రెండు సాయంత్రాలు. అంతే!

చెవి తెరిచిన భాష

తర్వాత రావిశాస్త్రి దగ్గరికి వెళ్లాను. విశాఖ కోర్టుల చుట్టూ తిరిగే మనుషులు, మద్యనిషేధం రోజుల్లో దొంగసారా చుట్టూ అల్లుకున్న బతుకులు, పోలీసులు, ప్లీడర్లు, పేదలు. ఆయన స్వయంగా న్యాయవాది కాబట్టి ఆ లోకాన్ని లోపలి నుంచి చూశారు. ‘ఆరు సారా కథలు’ గొప్పవని అందరూ అంటారు. నేనేమో గుంటూరు వైపు పెరిగినదాన్ని. ఉత్తరాంధ్ర పలుకుబడి అచ్చులో కనబడగానే కన్ను ఆగిపోయేది. ఆ యాస ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసేది కాదు.

అప్పుడు ఒక స్నేహితురాలు, ‘చదవకు, విను’ అంది. శ్రీకాకుళం వైపు పుట్టి పెరిగిన ఆమే ఒక సాయంత్రం కూర్చుని పైకి చదివి వినిపించింది. అబ్బ! ఆ మాటలు గొంతెక్కగానే మనుషులు లేచి నిలబడ్డారు. కాగితం మీద అడ్డుపడిన ప్రతి మాట చెవిలో పాటలాగా సాగింది. ఆయన ఉపమానం మీద ఉపమానం పేరుస్తూ పోయే పొడుగు వాక్యాలున్నాయి చూశారూ, అవి గొంతు కోసమే పుట్టాయి. ఒక్కొక్క పోలిక పడేకొద్దీ వినేవాళ్లకి నవ్వు, నవ్వు వెనకే కోపం, కోపం వెనకే ఏడుపు. ఆ రాత్రి నుంచి రావిశాస్త్రిని అచ్చులో చదివినా ఆమె గొంతే వినపడుతోంది. ఇప్పుడు ఏ మాటా నన్ను ఆపడంలేదు.

చిత్తూరు వైపు మిట్టూరు పలుకుతో నామిని రాసిన ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’, ‘మిట్టూరోడి కతలు’ కూడా ఇలాగే. వాటిని పైకి చదువుకోండి. ఎవరూ లేకపోతే మీకు మీరే చదువుకోండి. పెదవి కదిపితే చాలు, అమ్మ తిట్లు, పల్లె సరదా, ఆకలి, ఆ ఆకలి మీదే వేసే హాస్యం అన్నీ మొత్తంగా వచ్చి ఒళ్లో కూర్చుంటాయి.

ఆ తర్వాత నాకు ఆడియో పుస్తకాల సంగతి తెలిసింది. ‘దాసుభాషితం’ అని ఒక తెలుగు యాప్ ఉంది, అందులో తెలుగు పుస్తకాలు శ్రవణరూపంలో దొరుకుతాయి. ‘హర్షణీయం’ అని ఒక పాడ్‌కాస్ట్ ఉంది. కథలు వినిపిస్తారు, రచయితలతో, అనువాదకులతో మాట్లాడిస్తారు. అమెరికా నుంచి ‘కౌముది’ అంతర్జాల పత్రిక నడిపే కిరణ్‌ప్రభ గారు యూట్యూబ్‌లో రచయితల గురించి, నవలల గురించి గంటలకొద్దీ చెబుతుంటే, తీరిగ్గా కూర్చుని కథ చెప్పే పెద్దమనిషి ఇంటికొచ్చినట్టే ఉంటుంది. గిన్నెలు తోముతూ విన్నాను. ఇంటి నుంచి ఆఫీసుకి ట్రాఫిక్‌లో ఇరుక్కుని విన్నాను. సిగ్నల్ పడితే విసుక్కునేదాన్నల్లా ఇంకాసేపు ఎర్రగా ఉంటే బాగుండు, ఈ ఘట్టం అయిపోతుంది అనుకుంటున్నాను!

విన్నది చదివినట్టు లెక్కకి వస్తుందా అని కొందరు అడుగుతారు. వాళ్లకి ‘వేయిపడగలు’ గురించి చెబుతాను. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ మహానవలని ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం నెల తిరక్కుండానే పూర్తయిందని సాహిత్యలోకంలో చెప్పుకుంటారు. అడవి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకున్న ఆ నవలని తర్వాత పి.వి. నరసింహారావు గారు ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. గొంతులో పుట్టిన నవల అది! మళ్లీ గొంతులో వింటే దానికి వచ్చే లోటేముంది? హరికథ విన్నవాళ్లం, బుర్రకథ విన్నవాళ్లం, అరుగు మీద కూర్చుని ఒకరు చదువుతుంటే పదిమంది భారతం విన్నవాళ్లం. వినడం మనకి తాతముత్తాతల నాటి చదువు.

ఇంకో గొప్ప లాభం ఉంది. మా పెద్దమ్మ మనవడు డాలస్‌లో పెరిగాడు. తెలుగు చక్కగా అర్థమవుతుంది, మాట్లాడతాడు, అక్షరాలు మాత్రం రావు. అటువంటి పిల్లలు బెంగళూరులో, పుణెలో, ఇంగ్లీషు మీడియం పుణ్యమా అని హైదరాబాదులో కూడా ఎంతమంది ఉన్నారో! వాళ్లకి తెలుగు కథ ఇంక లేదనుకున్నాం. ఉంది! చెవి ద్వారా ఉంది. వాడు ఇప్పుడు నాకు వాయిస్ మెసేజ్ పెడతాడు, ‘పిన్నీ, నెక్స్ట్ ఏం వినాలి?’ అని. ఆ మెసేజ్ విన్న ప్రతిసారీ నాకు పండగే.

ఒక్కో వారం ఆగి చదవడంలో ఉన్న సుఖం

యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ ఒక్క రాత్రిలో చదివేసి, పొద్దున్నే ఉబ్బిపోయిన కళ్లతో అమ్మకి చెప్పాను. అమ్మ నవ్వింది. ‘నీకేమే, ఒక్క రాత్రిలో అయిపోయింది. మా అక్కావాళ్లయితే జ్యోతి పత్రిక వచ్చేదాకా నెలంతా కాచుకు కూచున్నారు’ అంది. ‘జయంతి ఏం చేస్తుందో, రాజశేఖరం ఏమంటాడో అని వీధంతా చర్చలేనట.’

ఆ మాట నాకు కొత్త లోకం చూపించింది. మన నవలల్లో ఎన్నో మొదట సీరియళ్లే! అసలు కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ కూడా పుస్తకంగా రాకముందు 1878 నుంచి ‘వివేకవర్ధని’ పత్రికలో భాగాలుగా వచ్చింది. తెలుగు నవల పుట్టుకలోనే ‘ఇంకా ఉంది’ ఉంది. అందుకని అమ్మా నేనూ ఒక ఒప్పందానికొచ్చాం. ‘సెక్రటరీ’ మళ్లీ మొదలుపెట్టి వారానికి కొంత, అంతకు మించి ఒక్క పేజీ చదవకూడదు. అమ్మ టాబ్లెట్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతుంది, నేను అచ్చుపుస్తకంలో. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని మాట్లాడుకుంటాం. ఒక్క రాత్రిలో మింగేసినప్పుడు కనబడని ఎన్ని చిన్నచిన్న చూపులు, ఎన్ని మాటలు ఇప్పుడు కనబడుతున్నాయో! ఆపిన చోట మనసు ఆగదు. మిగతా వారమంతా ఆ మనుషులు మనతోనే తిరుగుతారు. సినిమా కూడా 1976లో వచ్చింది, నాగేశ్వరరావు, వాణిశ్రీ. నవల అయిపోయాకే చూస్తానని అమ్మకి మాటిచ్చాను. ఆవిడ రాసిన ‘మీనా’ అయితే మరీ చిత్రం. 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమా అయింది. 2016లో ‘అ ఆ’ సినిమాకీ మూలం అదే. నవల ఒకటి, తరాలు రెండు, అందులోని ఇంటి గొడవలకీ ప్రేమకీ మాత్రం వయసు రాలేదు.

ఇక పాత పత్రికల స్కాన్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు నిజంగానే ఊపిరి ఆగింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కుప్పలుగా ఉన్నాయి. జైల్లో కూర్చుని ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాసిన, మద్రాసు ప్రభుత్వం నిషేధించిన ‘మాలపల్లి’ లాంటి నవల ఇంట్లో కూర్చుని తెరవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ సంచికలు చూడొచ్చు.

శ్రీకాకుళంలో ‘కథానిలయం’ ఉంది. తెలుగు కథ కోసమే కట్టిన ఇల్లు అది! కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, 1997లో దాన్ని నెలకొల్పారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలన్నది ఆయన పంతం. ఆ పంతం ఇప్పుడు వెబ్‌సైటుగా కూడా మారింది. రచయిత పేరు కొడితే ఆయన కథలు ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చాయో తెలుస్తుంది. చాలా వాటికి అప్పటి పత్రిక పేజీలే తెరుచుకుంటాయి. కారా మాస్టారి ‘యజ్ఞం’ 1964లో ‘యువ’ పత్రికలో వచ్చింది. ఒక పల్లెటూరి అప్పు తగవు. ఊరి పెద్దల పంచాయితీ. వాదన మీద వాదన పేరుస్తూ, మనల్ని కూడా ఆ పంచాయితీలో కూర్చోబెట్టి, చివర్లో ఆయన కొట్టే దెబ్బ ఏమిటో నేను చెప్పను. చదివాక నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. కథ ఇంత పని చేయగలదా అని ఎంతసేపు కూర్చుండిపోయానో!

పత్రిక పేజీలో కథ చదవడం వేరే అనుభవం. పక్కన అప్పటి ప్రకటనలు, పైన బొమ్మ, అప్పటి అక్షరాల కుదురు. ఆ కథ ఏ ఇళ్లలోకి వెళ్లిందో, ఏ కాలంలో నిలబడి మాట్లాడిందో కళ్లకి కడుతుంది. సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’ వంద. ‘ఆంధ్రజ్యోతి’ వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చాయి. అన్నీ చిన్నచిన్న కథలే. కృష్ణ ఒడ్డు, అమరేశ్వరుడి గుడి, గుడి మీద బతికేవాళ్లు, వరదొస్తే అన్నీ పోగొట్టుకునేవాళ్లు. బాపు బొమ్మ లేకుండా కథ చదివి చూశాను, బాగుంది. బొమ్మతో చదివాను. నాలుగు గీతల్లో ఆ మనిషి నడుము వంపు, కళ్లలో దిగులు! ఆ గీత కథలోని ఆఖరి వాక్యంలాగా పనిచేస్తోంది. శ్యామ్ బెనెగల్ వీటిని దూరదర్శన్ కోసం హిందీలో సీరియల్‌గా తీశారు. ఒక చిన్న ఊరి రేవులోంచి దేశం మొత్తానికి వెళ్లిన కథలివి.

‘మిథునం’ అనే అద్భుతం

ఒక్క కథ ఎన్ని రూపాలెత్తగలదో తెలుసుకోవాలంటే శ్రీరమణ గారి ‘మిథునం’ చాలు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి. ముసలి దంపతులు. పిల్లలు దూరాన ఉన్నారు. పెరడు, పాదులు, పచ్చళ్లు, పిండివంటలు, పొద్దస్తమానం ఒకరినొకరు దెప్పుకోవడాలు. ఏమీ జరగదు, అన్నీ జరుగుతాయి. బాపు గారు ఈ కథ మీద ప్రేమతో మొత్తం తన చేతిరాతతో రాసిచ్చారు. ఆ చేతిరాత ప్రతిని చూస్తే, ఒక కళాకారుడు ఇంకో కళాకారుడికి పెట్టిన దండం అంటే ఇదీ అనిపించింది. బాపు అక్షరాలు మనకి సినిమా పోస్టర్లలో, శుభలేఖల్లో, కంప్యూటర్ ఫాంటుగా కూడా తెలుసు. కానీ ఒక కథని మొదటి నుంచి చివరిదాకా ఆ అక్షరాల్లో చదవడం! ప్రతి ఒత్తూ, ప్రతి దీర్ఘమూ తీరిగ్గా నడుస్తుంది. మనం కూడా తీరిగ్గా చదవక తప్పదు. ఆ ముసలివాళ్ల నడకకి మన చదువు నడక సరిపోతుంది.

2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దీన్ని మలయాళంలో ‘ఒరు చెరు పుంచిరి’ అనే సినిమాగా తీశారు. మన కృష్ణా గోదావరి పెరడు కేరళ పెరడయింది, కొబ్బరి నీడలు వచ్చాయి, ఆ ఇద్దరి మధ్య చనువు అలాగే ఉంది. మలయాళం నాకు రాదు. సబ్‌టైటిల్స్ చదువుతూనే ఏడ్చాను. తర్వాత 2012లో తనికెళ్ల భరణి గారు తెలుగులో తీశారు. బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు, తెర మీద వాళ్లిద్దరే! కథలో చూసి చెప్పే మనిషి ఒకడుంటాడు, ఆ ఇంటిని మనం అతని కళ్లతో చూస్తాం. భరణి గారు ఆ మనిషిని తీసేసి ఆ చోట మనల్ని కూర్చోబెట్టారు. గడప దగ్గర నిలబడి తొంగిచూస్తున్నట్టు అనిపించేది అందుకే. పాటలో వంటలు వినిపిస్తాయి, చెట్టుకి పూసిన పువ్వు కనిపిస్తుంది. కాగితం మీద నోరూరించిన ఆవకాయ తెర మీద ఎర్రగా కనబడుతుంది.

కథ మళ్లీ చదివాను. సినిమా చూశాక చదివితే బాలు గారి గొంతు వినిపిస్తోంది. అదే సమయంలో సినిమాలో పట్టని మాటలు, శ్రీరమణ గారి వెటకారంలోని తడి, ఇంకా లోతుగా తగిలాయి. ఒకటి ఇంకోదాన్ని చెరపలేదు. ఒకటి ఇంకోదానికి అర్థం పెంచింది.

ఇప్పటి కథ ఎక్కడుంది?

పాతవి బాగున్నాయి సరే, ఇప్పుడు ఎవరు రాస్తున్నారు అని మా తమ్ముడు అడిగాడు. వాడికి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ ఇచ్చాను. కరువొచ్చినప్పుడు గొర్రెల కాపరులు మందలని తోలుకుని నల్లమల ఎక్కుతారు. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడొకడు తండ్రి వెంట ఆ అడవిలోకి వెళ్తాడు. పులి, నీళ్లు, దొంగలు, భయం, భయాన్ని దాటడం. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి పొందిన పుస్తకం. కడప మాట అడవి గాలిలాగే వీస్తుంది. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. సినిమా కథానాయికని, ప్రేమని కలిపింది, కీరవాణి సంగీతం కలిపింది, అడవిని కళ్లనిండా చూపించింది. నవలకి ప్రేమకథ అక్కర్లేకపోయింది, ఆ కుర్రాడికీ అడవికీ మధ్య జరిగేదే చాలు. నేను రెండూ ఇష్టపడ్డాను, నవలని ఇంకా ఎక్కువ ఇష్టపడ్డాను. మా తమ్ముడు సినిమా చూసి నవలకి వచ్చాడు. ఏ దారిన వస్తే ఏమిటి, వచ్చాడు కదా!

బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ రాయలసీమ చరిత్రని మట్టిలోంచి తవ్వి తీసింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’ 2022లో పొందింది. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి ‘రామేశ్వరం కాకులు’ కథలు 2023లో పొందాయి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’, మానస ఎండ్లూరి ‘మిళింద’ యువ పురస్కారాలు పొందిన కథల సంపుటాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్ల సంపాదకత్వంలో 1990 నుంచి కథాసాహితి వాళ్లు తెచ్చిన ‘కథ’ సంకలనాలు పెద్ద వరం. ఏ ఏడాది సంకలనం తెరిచినా ఆ ఏడు తెలుగు మనిషి దేనికి కలవరపడ్డాడో తెలుస్తుంది. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ అంతర్జాల పత్రిక ఉంది. కొత్త కథలే కాదు, పాత రేడియో నాటకాలు, ప్రసంగాల రికార్డింగులు కూడా అందులో వినొచ్చు. రేడియో అంటే ఏమిటో అక్కడ విన్నాకే నాకు తెలిసింది. ఒక్క తలుపు కిర్రుమంటే ఇల్లంతా కనబడుతుంది!

ఏది ఎలా?

ఇన్ని రుచి చూశాక నాకొక లెక్క కుదిరింది. మీకూ పనికొస్తుందని చెబుతున్నాను.

యాస బలంగా ఉన్నవి, సంభాషణ ఎక్కువున్నవి, హాస్యం ఉన్నవి వినండి, లేదా పైకి చదవండి. రావిశాస్త్రి, నామిని, మొక్కపాటి వారి ‘బారిష్టర్ పార్వతీశం’. మనసు లోపల తిరిగేవాటిని మాత్రం కాగితం మీదే చదవండి. గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ లాంటి నవలల్లో ఒక వాక్యం దగ్గర ఆగాలి, వెనక్కి వెళ్లాలి, పెన్సిల్‌తో గీత గీయాలి. గొంతు మనల్ని అలా ఆగనివ్వదు. ఒక్క ఊపులో సాగే చిన్న పుస్తకాలు ప్రయాణానికి పెట్టుకోండి. కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ అలాంటిది. తప్పిపోయిన ఈనబోయే పంది కోసం అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడి పోరాటం. ఆ పుస్తకం పట్టుకుని రైలెక్కితే దిగే స్టేషన్ దాటిపోయే ప్రమాదం ఉంది, జాగ్రత్త! పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ మాత్రం వర్షం పడే రాత్రి చదవండి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి తెచ్చుకున్న కథ అది. తన నియమాలన్నీ పెట్టెలో సర్దుకుని రైలెక్కిన పెద్దమనిషిని ఒక్క తుపాను, ఒక్క బిచ్చగత్తె ఏం చేశారో చూస్తే, మనిషి గురించి మీకున్న అభిప్రాయం ఒకటైనా కదులుతుంది.

కళ్లు అలిసిపోయే పెద్దవాళ్లకి అక్షరం పెంచుకునే ఇ-పుస్తకం, చూపు లేనివాళ్లకి శ్రవణపుస్తకం, అక్షరం రాని పిల్లలకి గొంతు, తీరికలేనివాళ్లకి పది నిమిషాల కథ. అందరికీ ఏదో ఒకటి ఉంది. నాకు ఇంతకాలం తెలియని ఐశ్వర్యం ఇది. తెలిశాక దాచుకోలేకపోతున్నాను.

ఒక్క మనవి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్లదాకా రచన మీద హక్కు ఉంటుంది. ఆ గడువు దాటినవాటిని ఉచితంగా దించుకోండి, పంచుకోండి, పైకి చదివి పెట్టండి. గడువు దాటనివాటిని, ముఖ్యంగా ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలని కొనుక్కోండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి. తెలుగు పుస్తకం ధర చాలావరకు ఒక సినిమా టికెట్టుకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ డబ్బే రేపటి కథని రాయిస్తుంది. హైదరాబాదులో, విజయవాడలో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు సంచీ తీసుకుని వెళ్లండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నా జవాబు ఒక్కటే. ఈ రాత్రి ‘మిథునం’ చదవండి, రేపు సినిమా చూడండి, ఎల్లుండి ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా కథ పైకి చదివి వినిపించండి. ఆ తర్వాత ఏం చదవాలో మీకే తెలుస్తుంది.